ఆజ్ఞాపంక్తికి టీకాతాత్పర్యములు

చిట్కావైద్యమునకును శాస్త్రవైద్యమునకును గల భేదము తెలుగువారికి క్రొత్తగా చెప్పవలసినది కాదు. శొంఠికొమ్ము అరగదీసి నొసట పట్టువేసికొన్నచో తలనొప్పి తగ్గుననుట చిట్కా. ఆ నొప్పి జలుబువలన వచ్చినదా, కంటిదోషమువలన వచ్చినదా, రక్తపుపోటువలన వచ్చినదా యని విచారించుట శాస్త్రము. చిట్కా తప్పు కాదు, పెక్కుమార్లు ఫలించును. కాని అది యేల ఫలించినదో తెలియనివానికి, ఎప్పుడు ఫలింపదో కూడ తెలియదు. ఇండ్లలోను దుకాణములలోను బల్లలపై నుండు కంప్యూటరు చెడినపుడు దానిని చక్కజేయుటకై చేతులు మారుచున్న ఆజ్ఞావాక్యములు నేడు సరిగా ఈ స్థితిలో నున్నవి. “నల్లని తెర తెరచి ఈ పంక్తి కొట్టుము, బాగగును” అని చెప్పువారు అనేకులు. ఆ పంక్తిలోని మాటల కర్థము చెప్పువారు అరుదు.

ఈ లోపము తెలుగులో ఉండదగినది కాదు. పంక్తిని విడదీసి అర్థము చెప్పు విద్య తెలుగు ముద్రణకు వెన్నతో బెట్టిన విద్య. అది పెరిగినచోట్లలో ముఖ్యమైనది చెన్నపురి. 1854లో స్థాపితమైన వావిళ్లవారి ముద్రణసంస్థ ఎస్ప్లనేడు విలాసముతో వెలువరించిన ప్రతులు చదివి తెలుగు నేర్చినవారు మూడు తరములవారు కలరు. మీద పద్యము, దాని క్రింద ప్రతిపదార్థము, దాని క్రింద తాత్పర్యము: ఈ మూడంతస్తుల పుట తెలుగువారి కంటికి అలవాటైనది. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమును సూత్రము, దానికి వివరణము, తరువాత ఉదాహరణము అను క్రమమున బోధించినదియు ఈ పట్టణపు పాఠశాలలే. 1914లో చెన్నపురినుండి దినపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రికకు జార్జి టౌనులోని తంబుచెట్టి వీధి చిరకాలము నెలవు.

ఆ వీధులలో సీసపు అక్షరములు పేర్చు కాలము గడచిపోయినది. ఆండర్సన్ వీధిలో కాగితములును శుభలేఖలును అమ్ము అంగళ్లున్నవి. అక్షరములు కూర్చుట మాత్రము కంప్యూటరు చేయుచున్నది. ఒక సంఘముయొక్క వార్షికసంచికయో, తెలుగు పాఠశాల ప్రశ్నపత్రమో, పాతకాలపు దేవస్థానపు లెక్కకు ఎత్తివ్రాసిన ప్రతియో ఒక్క యంత్రములో ఒక్క ప్రతిగా నుండుట సామాన్యము. ఆ యంత్రముపై అర్థము తెలియని పంక్తిని ప్రయోగించినచో పోవునది యంత్రము కాదు. యంత్రమునకు బదులు యంత్రము దొరకును. పోవునది తెలుగు.

విచారణకు ముందొక సూచన. ఇచట ఆజ్ఞలు వాని రోమను అక్షరముల పేళ్లతో తెలుగు లిపిలో చూపబడినవి. యంత్రముపై వానిని రోమను చిన్న అక్షరములతోనే కొట్టవలెను.

ఆజ్ఞాపంక్తి యనునది ఒక చిన్న భాష. దానికి వ్యాకరణము కలదు. నేడు లినక్సు యంత్రములలో వాడబడు ఆజ్ఞలలో పెక్కింటికి మూలము 1969లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు ఆరంభించిన యూనిక్సు. ఆ యూనిక్సునకు 1971లోనే ఆజ్ఞలవారిగా వివరణపుస్తకము వెలువడినది. అనగా ఆ భాషకు టీక భాషతోబాటే పుట్టినది. మనవారు పంక్తిని దెచ్చుకొని టీకను విడిచివచ్చిరి.

ఈ భాషలో క్రియ ముందు వచ్చును. తెలుగున క్రియ తుదకు వచ్చుట సహజము. ఇచట “చేయుము” అనుట మొదట, దేనిని చేయవలెనో తరువాత. క్రియ వెంట అడ్డగీతతో మొదలగు చిన్న గుర్తులు వచ్చును. వీనిని వికల్పములనవచ్చును. అటుతరువాత కర్మ. ఇంతవరకు కష్టము లేదు. చిక్కెల్ల విభక్తులు లేకపోవుటవలన వచ్చినది. సిపి అను ఆజ్ఞ నకలు తీయును. “సిపి పాతది క్రొత్తది” అన్నచో పాతదానినుండి క్రొత్తదానికి నకలు. తెలుగులో “క్రొత్తదానికి పాతదానినుండి” అని తలక్రిందుగా చెప్పినను అర్థము చెడదు, ప్రత్యయము కాపాడును. సిపికి ఆ రక్ష లేదు. పేళ్లు తారుమారైనచో క్రొత్తది వచ్చి పాతదానిపై కూర్చుండును. సామాన్యముగా యంత్రము మారుమాటాడదు. అడ్డగీత ఐ అను వికల్పము చేర్చినచో మాత్రము “పైన వ్రాయుదునా?” అని అడుగును. సిపిని గూర్చిన చిట్కాలలో ఈ ఒక్క అక్షరమును చెప్పనివి నింద్యములు.

విచిత్రమేమనగా, విభక్తి గల ఆజ్ఞయు ఒకటి కలదు. డిడి అను పేరుగలది. దానిలో ఐఎఫ్ అను గుర్తు “దీనినుండి” అనియు, ఓఎఫ్ అను గుర్తు “దీనిలోనికి” అనియు అర్థమిచ్చును. కావున వరుస మార్చినను దోషము లేదు. కాని ఐఎఫ్, ఓఎఫ్ అనువాని అర్థమే తెలియక చిట్కా చూచి కొట్టువాడు, ఖాళీ పెన్‌డ్రైవును నింపబోయి నిండియున్న డిస్కును తుడిచివేయగలడు. ప్రత్యయమున్నను ప్రత్యయార్థము తెలియనిచో ఫలమేమి?

ఇక పదచ్ఛేదము. తెలుగు విద్యార్థి పద్యమునెదుర చేయు మొదటి పని పదములు విడదీయుట. షెల్లు అనబడు ఆజ్ఞాగ్రాహి చేయు మొదటి పనియు అదియే. ఖాళీ యెచట కనబడిన అచట విరుచును. అది సమాసమును ఎరుగదు. ఒక ఫోల్డరులో “సంచిక” యనునొక ఫైలు, “పాత సంచిక” యను వేరొక ఫైలు నున్నవనుకొందము. పాతది అక్కరలేదని ఆర్‌ఎమ్ అను తొలగింపు ఆజ్ఞ కొట్టి, దాని ముందు “పాత సంచిక” యని వ్రాసినచో, షెల్లు దానిని “పాత” యనియు “సంచిక” యనియు రెండు పదములుగా విరిచి ఆర్‌ఎమ్‌నకు అందించును. “పాత” యను ఫైలు లేదని యంత్రము ఫిర్యాదు చేయును. ఆ ఫిర్యాదు చదువులోపల “సంచిక” పోయియుండును. పాతది పదిలముగా నుండును, క్రొత్తది ఉండదు! ఉద్ధరణచిహ్నముల నడుమ వ్రాసినపుడు మాత్రమే అది ఏకపదమగును. ఆర్‌ఎమ్ తీసివేసినది చెత్తబుట్టలోనికి పోదనుట కూడ గుర్తింపదగినది. చెత్తబుట్ట బొమ్మల తెరకు సంబంధించిన ఏర్పాటు. ఆజ్ఞాపంక్తి దానిని సంప్రదింపదు.

పారిభాషికపదములను గూర్చి ఇచట ఒక మాట. ఆజ్ఞను కొందరు “ఆదేశము” అని వ్రాయుచున్నారు. ఇది సరియైన మార్గము కాదు. తెలుగు వ్యాకరణమున ఆదేశమనగా ఒకదాని స్థానమున మరియొకటి వచ్చుట. గసడదవాదేశమును ఎరుగని తెలుగు విద్యార్థి లేడు. ఆగమము మిత్రునివలె ప్రక్కకు వచ్చి చేరును, ఆదేశము శత్రువువలె ఉన్నదానిని త్రోసి తాను కూర్చుండును అని బడిలో చెప్పుదురు. ఈ రెండు మాటలు ఆజ్ఞాపంక్తికి ఎంత చక్కగా అమరునో చూడుడు. నక్షత్రపు గుర్తు వ్రాసినచో, ఆజ్ఞ నడువకముందే షెల్లు ఆ గుర్తును తీసి ఆ ఫోల్డరులోని పేళ్లనెల్ల దాని స్థానమున పెట్టును. ఇది ఆదేశము. ఒక ఆజ్ఞయొక్క ఫలితమును ఫైలులోనికి పంపుటకు కుడివైపు వాడిగల కోణపు గుర్తు వాడుదురు. ఒక కోణమైనచో ఫైలులో నున్నది పోయి క్రొత్తది వచ్చును: ఆదేశము. రెండు కోణములైనచో ఉన్నదాని తుద క్రొత్తది చేరును: ఆగమము. ఒక్క గుర్తు తగ్గుటవలన మిత్రుడు శత్రువగుచున్నాడు. తెలుగు వ్యాకరణములో ఇంత అనువైన జంట సిద్ధముగా నుండగా, దానిని విడిచి ఆదేశపదమును ఆజ్ఞకు తగిలించుట అపవ్యయము.

ఈ కోణమునకు సంబంధించిన ప్రమాదము ఒకటి చిట్కాల పట్టికలలో కానరాదు. సభ్యుల పేళ్లు గల ఫైలును అకారాదిగా పేర్చవలెనని సార్ట్ అను ఆజ్ఞ వ్రాసి, ఒక కోణముతో ఫలితమును ఆ ఫైలునకే పంపినచో ఏమగును? షెల్లు ముందుగా కోణమును చూచి ఆ ఫైలును ఖాళీచేసి సిద్ధపరచును. తరువాత సార్ట్ వచ్చి చూచునప్పటికి పేర్చుటకు ఏమియు లేదు. సభ్యులందరును ఒక్కసారి మాయమగుదురు. సార్ట్‌నకు అడ్డగీత ఓ అను వికల్పము ఈ పనికొరకే యున్నది; దానితో అదే ఫైలులో వ్రాయించినను హాని లేదు. ఇట్టి వివేకము పంక్తిని కంఠస్థము చేయుటవలన రాదు.

విండోసు వాడువారి చిట్కాలు మరియొక తీరున విమర్శకు గురియగుచున్నవి. అచట ప్రసిద్ధమైన ఆజ్ఞ ఎస్‌ఎఫ్‌సి స్కాన్‌నౌ. యంత్రము మందగించిన, తెర నీలమైన, అచ్చుయంత్రము పలుకకున్న, అన్నిటికి ఇదే కషాయము. వాస్తవముగా ఇది చేయు పని పరిమితము: రక్షింపబడిన వ్యవస్థాఫైళ్లను పరీక్షించి, చెడినవానికి బదులు తన భాండారమునుండి మంచి ప్రతిని తెచ్చి పెట్టును. ఆ భాండారమే చెడినచో? అపుడు డిఐఎస్‌ఎమ్ అను వేరొక ఆజ్ఞ ఆన్‌లైన్, క్లీనప్-ఇమేజ్, రిస్టోర్‌హెల్త్ అను వికల్పములతో ఆ భాండారమును బాగుచేయును. విండోసు 10, 11లలో ముందు డిఐఎస్‌ఎమ్, తరువాత ఎస్‌ఎఫ్‌సి నడుపవలెనని మైక్రోసాఫ్టువారే సూచించిరి. పట్టికలలో ఈ వరుస తరచుగా తలక్రిందై యుండును. కారణము చెప్పకుండుటచే చదువరికి తలక్రిందని తెలియదు.

చెక్‌డిస్కు అందరికి తెలిసినదే. వికల్పము లేకున్న అది చూచి చెప్పును, ఏమియు మార్చదు. ఎఫ్ చేర్చినచో దోషములు దిద్దును. ఆర్ చేర్చినచో చెడిన భాగములనుకూడ వెదకి చదువదగినదానిని కాపాడ యత్నించును. ఆర్‌లో ఎఫ్ పని ఇమిడియున్నది. కావున రెండును కలిపి వ్రాయుట పునరుక్తి. అంతకంటె ముఖ్యము, డిస్కు కటకటలాడుచు కొనఊపిరితో నున్నపుడు ఆర్ ప్రయోగించుట దానిచేత మెట్లెక్కించుట వంటిది. ముందు వ్రాతప్రతులను వేరొకచోటికి ఎత్తుకొని, తరువాత చికిత్స చేయవలెను. అంతర్జాలము అందనపుడు ఐపికాన్ఫిగ్ ఫ్లష్‌డిఎన్‌ఎస్ అనుమందురు. అది పేళ్ల జ్ఞాపకమును మాత్రము కడుగును, తెగిన తీగను అతుకదు. పింగ్‌తో ముందు 127.0.0.1 అను తన సొంత విలాసమును, తరువాత ఇంటి రూటరును, అటుతరువాత బయటిదానిని తట్టి చూచినచో లోపము గడపకు ఇవతలనో అవతలనో తేలును. లినక్సునందు ఏది తెరువకున్నను సిహెచ్‌మోడ్ 777 అను చిట్కా గలదు. ఇంటికి తాళము పట్టకున్న తలుపులు ఊడబెరుకుట వంటిదది. దానిపై ఇంతకంటె వ్రాయుట వృథా.

తెలుగు చెడినపుడు ఏమి చేయవలెననుట అసలైన ప్రశ్న. ఆంగ్లపు పట్టికలను మక్కికి మక్కి దించినవారు దీనిని ముట్టలేదు; మూలమున లేనిది వారికి తోపలేదు. తెలుగు అక్షరములకు యూనికోడులో 1991 నాటి మొదటి కూర్పునుండియే 128 గడుల స్థానము గలదు. వానిని ఫైలులో వ్రాయు యుటిఎఫ్-8 పద్ధతిని 1992లో కల్పించినవారిలో పైన చెప్పిన థాంప్సన్ ఒకడు, రాబ్ పైక్ మరియొకడు. ఆ పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమునకు మూడు బైట్లు. “శ్రీ” కంటికి ఒక్క అక్షరము. యంత్రమునకు శకారము, పొల్లు, రేఫ, ఈత్వము అను నాలుగు సంకేతములు, పండ్రెండు బైట్లు. డబ్ల్యుసి అను లెక్కించు ఆజ్ఞకు అడ్డగీత ఎమ్ ఇచ్చిన నాలుగనియు, అడ్డగీత సి ఇచ్చిన పండ్రెండనియు చెప్పును. పంక్తి విరుపు ఉన్నచో ఒక్కొక్కటి హెచ్చును. లినక్సులో ఫైలుపేరునకు సామాన్యముగా హద్దు 255 బైట్లు. ఆంగ్లమున అది 255 అక్షరములు, తెలుగున 85 సంకేతములు. దీర్ఘసమాసములతో ఫైళ్లకు నామకరణము చేయువారికి యంత్రము ఏల అడ్డుపడుచున్నదో దీనివలన తెలియును.

తెరపై తెలుగు పాడై కనబడినపుడు రోగలక్షణములు మూడు నాలుగు విధములు, వానిని వేరుపరచుటయే వైద్యము. ఖాళీ గడులు కనబడినచో తెలుగు ఫాంటు లేదన్నమాట; ప్రతి భద్రము. ఎఫ్‌సి-లిస్ట్ అను ఆజ్ఞకు ముందు రెండు చుక్కల గుర్తుతో లాంగ్=టిఇ అని చేర్చినచో యంత్రములోని తెలుగు ఫాంట్ల పేళ్లు వచ్చును; ఏమియు రాకున్న ఫాంటు తెచ్చిపెట్టి ఎఫ్‌సి-క్యాష్ నడుపవలెను. రోమను ఏ అక్షరము నెత్తిన ఒక ఏటవాలు గీతతో ప్రతి మూడవ స్థానమున మరల మరల కనబడినచో, అది యుటిఎఫ్-8 తెలుగును వేరొక సంకేతపద్ధతిగా యంత్రము చదివినదని గుర్తు. తెలుగు సంకేతముల మొదటి బైటు ఎల్లప్పుడును ఒకటే యగుటచే ఆ అక్షరము అట్లు ఆవృత్తమగుచున్నది. ఇదియు భద్రమే, ఆ రూపమున మరల దాచకున్నంతవరకు. ప్రశ్నార్థకచిహ్నములే వరుసగా నున్నచో తెలుగు నశించినది. ఏ ఆజ్ఞయు దానిని తేలేదు. వేరు ప్రతి వెదకుకొనవలెను. క్రమములేని రోమను అక్షరములు, గుర్తులు నిండియున్నచో అది పాత ఫాంట్ల కాలపు వ్రాత. అను ఫాంట్లు మొదలగువానిలో రోమను అక్షరముల గదులలో తెలుగు ఆకృతులను కూర్చుండబెట్టిరి. అట్టిదానికి ఐకాన్వ్ అను సంకేతపరివర్తకమును ప్రయోగింపుమను చిట్కా వ్యర్థము. ఐకాన్వ్ ఎరిగినది పేరున్న సంకేతపద్ధతులను. ఫాంటులోని వేషధారణ దానికి తెలియదు. ప్రత్యేకముగా ఆ ఫాంటుకొరకు చేసిన మార్పిడి సాధనము కావలెను.

కంటికి కనబడని రోగమును కలదు. “కై” అనుచోట ఐత్వమును ఒక్క సంకేతముగా వ్రాయవచ్చును. ఎత్వమును, దాని క్రింది గుర్తును రెండు సంకేతములుగానైన వ్రాయవచ్చును. యూనికోడు ఈ రెండును సమానములన్నది. గ్రెప్ అను వెదకు ఆజ్ఞ సమానములనదు. రూపము అభిన్నము, వెదకినచో దొరకదు. అట్లే సంయుక్తాక్షరమును విడదీయుటకు వాడు కానరాని విభాజకము ఒక ఫైలుపేరులో నుండి మరియొకదానిలో లేకున్న, ఒకే పేరుతో రెండు ఫైళ్లున్నట్లు భ్రమ గలుగును. ఇట్టి సందేహమున హెక్స్‌డంప్‌తో బైట్లను చూచుట తప్ప గతి లేదు. ఈ కానరాని గుర్తు ఎంత పని చేసినదో 2018 ఫిబ్రవరిలో లోకమెల్ల చూచినది. జకారము, పొల్లు, ఞకారము, విభాజకము, ఆత్వము అను వరుసతో వచ్చిన ఒక్క తెలుగు అక్షరమును తెరపై చూపబోయి ఆపిల్‌వారి ఐఫోనులలోను మ్యాక్ కంప్యూటర్లలోను అనువర్తనములు కూలిపోయినవి. ఆ నెల 19వ తేదీన వారు సవరణ వెలువరించిరి. పత్రికలు దానిని “తెలుగు అక్షరపు దోషము” అని వ్రాసినవి. దోషము అక్షరమునది కాదు, చదువనేరనివానిది. ఆజ్ఞయను మాటలోనే ఆ జ్ఞకారము గలదనుట యాదృచ్ఛికమే గాని మరువరానిది.

యంత్రము పలుకు తెలుగును గూర్చియు కొంత చెప్పవలెను. లినక్సునందు సందేశములను తెలుగులో చూపు యత్నములు జరిగినవి. ఆ శ్రమ స్వచ్ఛందమైనది, కొనియాడదగినది. కాని “అనుమతి నిరాకరించబడినది” వంటి వాక్యములు తెలుగువాని చెవికి కృత్రిమములు. తెలుగున కర్మణిప్రయోగము గ్రంథమునందే కొంత, నోట మరియు తక్కువ. “దీనిని తెరచుటకు మీకు అనుమతి లేదు” అన్న చాలును. పైగా అట్టి అనువాదమును పట్టుకొని ఎవరినైన సలహా అడుగబోయిన, మూలవాక్యము తెలియక వారు తెల్లబోవుదురు. అట్టిచో ఆజ్ఞకు ముందు ఎల్‌సి_ఆల్=సి అని చేర్చిన ఆ ఒక్కసారికి సందేశము ఆంగ్లమున వచ్చును. ఆజ్ఞల పేళ్లను తెలుగు చేయుమనువారితో మాత్రము ఏకీభవింపరాదు. అవి ధాతువులవంటివి, ధాతువును మార్చము, దాని యర్థమును చెప్పుకొందుము.

ఇంత టీక యెవరు చదువుదురు, పని జరిగిన చాలదా యని అందురు. అది నిజమైన ఆక్షేపమే. శుభలేఖ సాయంకాలమునకు అచ్చుకావలసినవానికి వ్యాకరణము రుచింపదు. అయినను వావిళ్లవారి ప్రతిలో తాత్పర్యము మాత్రము చదివి ముందుకు పోవువారును ఉండిరి. వారికొరకు ప్రతిపదార్థమును తీసివేయలేదు. సందేహము వచ్చిననాడు అది అచటనే యుండెను. ఆజ్ఞాపంక్తికి అట్టి పుట ఎట్లుండవలెనో ఒక్కటి చూపవచ్చును. ఫోల్డరులో పేరుకొనిన తాత్కాలికపు ఫైళ్లను తొలగించు పంక్తి యిది: “ఫైండ్, చుక్క, అడ్డగీత నేమ్, ఉద్ధరణచిహ్నముల నడుమ నక్షత్రము చుక్క టిఎమ్‌పి, అడ్డగీత డిలీట్.”

ఫైండ్ = వెదకుము; చుక్క = ఇపుడు నిలిచియున్న ఫోల్డరునందును, దాని లోపలి ఫోల్డరులన్నిటియందును; అడ్డగీత నేమ్ = పేరు ఇట్లున్నవానిని; నక్షత్రము చుక్క టిఎమ్‌పి = మొదట ఏమున్నను తుద చుక్క టిఎమ్‌పి గలవానిని; ఉద్ధరణచిహ్నములు = నక్షత్రమునకు షెల్లు ముందుగానే ఆదేశము చేయకుండుటకు; అడ్డగీత డిలీట్ = తొలగింపుము.

తాత్పర్యము: ఇపుడున్న ఫోల్డరులోను దాని లోపలను టిఎమ్‌పి తో ముగియు పేళ్లుగల ఫైళ్లను వెదకి తొలగింపుమని.

విశేషము: ఫైండ్ తన వికల్పములను ఎడమనుండి కుడికి వరుసగా విచారించును. డిలీట్‌ను నేమ్‌నకు ముందు వ్రాసినచో పేరు చూడకమునుపే ఎదురైనదానినెల్ల తొలగించును. కావున మొదట డిలీట్ ఉండవలసినచోట అడ్డగీత ప్రింట్ అని వ్రాసి, తెరపై వచ్చిన పేళ్లను తుదివరకు చదివి, వానిలో సంచిక పేరు లేదని చూచుకొని, తరువాత ప్రింట్‌ను తీసి డిలీట్ పెట్టవలెను. విండోసు పవర్‌షెల్లునందు రిమూవ్-ఐటమ్‌తో ఇదే పని చేయువారు వాట్‌ఇఫ్ అను వికల్పమును చేర్చిన, ఏమి తొలగునో చెప్పును గాని తొలగింపదు.